ఈత రాని డాక్టరుకి రేవు వెతికిన పది రోజులు

పోయిన మాఘమాసంలో మా ఆయనకి అవనిగడ్డకి బదిలీ అయింది. ఆయన పశువుల డాక్టరు. గుడివాడలో నాలుగేళ్ళు పనిచేశారు. బదిలీ కాగితం చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. మజ్జిగన్నం దగ్గర బయటపెట్టారు.

"సరోజా, ఆ దివిసీమలో ఊరూరికీ పడవెక్కాలిట" అన్నారు చివరికి.

మా ఆయనకి నీళ్ళంటే భయం. ఊరికే జంకు కాదు, ఒళ్ళు చల్లబడిపోయే భయం. ఆయనది తిరువూరు దగ్గర మెట్ట ఊరు. ఏడేళ్ళప్పుడు దిగుడుబావిలో పడితే మేనమామ జుట్టు పట్టుకుని పైకి లాగాడు. అది మొదలు నీళ్ళతో ఆయన సంబంధం చెంబు దాకానే. కాలవ వంతెన మీద కూడా సరిగ్గా మధ్యలో నడుస్తారు.

నా సంగతి వేరు. మా నాన్న కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసేవాడు. నేను లాకు క్వార్టర్సులో పుట్టాను, ఆరో ఏట వీపుకి ఈతబెండ్లు కట్టించుకుని కాలవలో దూకాను. ఎనిమిదో ఏట బెండ్లు నా తమ్ముడికిచ్చేశాను.

"వేరే ఊరు అడుగుతాను. ఇవ్వకపోతే సెలవు పెడతాను" అన్నారాయన.

"చేరడానికి పది రోజులు గడువుంది కదండీ. ఆ పది రోజులూ నాకివ్వండి. తర్వాత మీ ఇష్టం."

ఆయన ఒప్పుకున్నారు. నా మీద నమ్మకంతో కాదు, సెలవు అర్జీ రాయడం కూడా ఆయనకి భయమే.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండవచ్చు. కృష్ణ దిగువన నీళ్ళకి కొదవ లేదు గానీ, భయస్తుడిని ఏ నీళ్ళలో దింపాలో తెలుసుకోవడానికి నాకు అయిదు రోజులు పట్టింది. మీకంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

గుడివాడ

మొదటి రోజు దూరం పోనక్కర్లేదనుకున్నాను. ఊరి చివర కాలవ, మంచి మెట్లు, నీళ్ళు ఛాతీ దాకా. పొద్దున్నే వెళ్ళాం. జీలుగ బెండ్లు తాడుతో ఆయన వీపుకి కట్టాను. గోచీ బిగించుకుని రెండు మెట్లు దిగి, మూడో మెట్టు మీద నిలబడిపోయారు.

పది నిమిషాలు కాలేదు, ధాన్యం బళ్ళు వరసగా వచ్చాయి. గుడివాడలో కోతలయ్యాక బజారుకి వచ్చే బళ్ళన్నీ కాలవగట్టు మీదే పోతాయన్న మాట నాకు గుర్తు రాలేదు. ముందు బండి ఆగింది.

"డాక్టరు గారేనా అండీ?" అన్నాడు బండి ఆసామి. "ఏంటండీ ఆ వీపు మీద?"

"ఏం లేదయ్యా" అన్నారు మా ఆయన.

"మా ఎడంపక్క ఎద్దు రెండ్రోజుల్నుంచి నెమరు వెయ్యట్లేదండి. ఒక్కసారి చూస్తారా, ఇక్కడే ఉంది."

మోకాలి లోతు నీళ్ళలో, వీపుకి బెండ్లతో, మా ఆయన ఆ ఎద్దుకి వాము, సొంఠి, నల్లుప్పు ఎంత ఎంత వెయ్యాలో చెప్పారు. వెనక బళ్ళవాళ్ళంతా దిగి విన్నారు. కాలేజీ కుర్రాళ్ళు సైకిళ్ళాపి మరీ చూశారు. బళ్ళు కదిలాక ఆయన గట్టెక్కి బెండ్లు విప్పించుకున్నారు.

"ఇక్కడ నన్ను ఎరగనివాడు లేడు సరోజా. మునిగినా అందరి ముందూ మునగాలి."

నిజమే. ఎరిగినవాళ్ళున్న చోట భయస్తుడు నేర్చుకోడు. ఆ సాయంత్రమే పెట్టె సర్దాను.

పెడన

బందరు రైల్లో వెళుతూ పెడనలో దిగాం. నాకు ఒక అద్దకం దుప్పటి కొనాలని ఎప్పటినుంచో ఉంది, ఆ వంక చెప్పాను. నిజానికి నేను చూడాలనుకున్నది వాళ్ళు బట్టలు జాడించే చోటు. అద్దకం బట్టకి పారే నీళ్ళు కావాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఎక్కువైన రంగు పక్క పువ్వు మీదికి పాకుతుంది. అందుకని మనుషులు కాలవలో నడుం లోతున నిలబడి, బట్టని ప్రవాహంలోకి వదిలి, ఒక కొస పట్టుకుని ఉంటారు.

ఆ రోజు అయిదుగురున్నారు. వాళ్ళలో పెద్దాయన పేరు వీరాస్వామి. యాభై దాటి ఉంటాయి. మా ఆయన గట్టు మీద నుంచి చాలాసేపు చూసి అడిగారు.

"మీకు ఈత బాగా వచ్చా?"

"నాకా అండీ?" వీరాస్వామి నవ్వాడు. "రాదండి. మా నాన్నకీ రాదు. ఈ నీళ్ళలో నిలబడ్డం మొదలెట్టి ముప్ఫయ్యేళ్ళు."

మా ఆయన ముఖంలో నాకు ఆ వారంలో మొదటిసారి వెలుగు కనిపించింది. ఈత రానివాడు నీళ్ళలో బతకవచ్చునని ఆయనకెవరూ చెప్పలేదు.

"మరి జారిపోరా?"

"దిగండి, చెప్తాను. ప్రవాహానికి ఎదురు నిలబడకండి, వీపూ పెట్టకండి. పక్కకి తిరగండి. కాళ్ళు ఎడంగా. మోకాళ్ళు కాస్త వంచండి. ఆఁ. ఇప్పుడిది పట్టుకోండి."

చేతికి తడి అద్దకం తాను కొస ఇచ్చాడు. ఏడు గజాల బట్ట నీళ్ళలో బారుగా సాగింది. లాగే బట్టని పట్టుకోవడంలో మునిగి, తన నడుం దాకా నీళ్ళున్నాయన్న సంగతే ఆయన మరిచిపోయారు. గంటసేపు ఉన్నారు. మధ్యలో ఒకసారి చేప ఏదో కాలికి తగిలితే కెవ్వుమన్నారు గానీ కొస వదలలేదు.

మధ్యాహ్నం వీరాస్వామి ఇంట్లో గోంగూర పచ్చడి, ఉల్లిపాయతో అన్నం పెట్టారు. మా వైపు అతిథి ముందు తిని లేచేదాకా ఇంటివాళ్ళు నిలబడి ఉంటారు. అక్కడ అందరూ వరసగా కూర్చుని మాతోనే తిన్నారు. వాళ్ళ వేళ్ళన్నీ ఎరుపు, నలుపు. అన్నం ముద్దకి మాత్రం ఆ రంగు అంటదు.

ఆ రోజుతో నాకు గర్వం తలకెక్కింది. ఆ తర్వాత జరిగినదానికి కారణం అదే.

మంగినపూడి సముద్రం

పెడనలో ఇంకో రెండు రోజులు ఉండవలసింది. ఉండలేదు. ఇంత తొందరగా దారికి వచ్చిన మనిషికి సముద్రమే చూపిస్తే కాలవలూ రేవులూ ఒక లెక్కా అనుకున్నాను. మర్నాడు బందరు నుంచి జట్కా మాట్లాడాను. రూపాయిన్నర అన్నాడు, రూపాయికి తెగింది.

మాఘపౌర్ణమి వెళ్ళి మూడు రోజులైంది. స్నానాలకి వచ్చిన జనం పోయారు, విస్తళ్ళూ గాజు ముక్కలూ మిగిలాయి. సముద్రం దూరం దాకా లోతు లేకుండా ఉంది. మోకాలి లోతున చెయ్యి పట్టుకుని నిలబెట్టాను. ఆయన పెడనలో నేర్చుకున్నట్టే పక్కకి తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టారు.

నేను కాలవలో పెరిగినదాన్ని. అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసకని కూడా తీసుకుపోతుందని నాకు వినికిడే గానీ అనుభవం లేదు. ఆయన కాళ్ళ కింద గుంట పడింది. రెండో అల ఛాతీకి కొట్టింది. చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. ఆ నీళ్ళు తొడ దాకా కూడా లేవు, అయినా ఆయన బోర్లాపడి, లేచి, మళ్ళీ పడి, నాలుగు కాళ్ళ మీద ఒడ్డుకి పాకారు. ఎప్పుడూ ముఖాన ఉండే కళ్ళజోడు లేదు.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన లేచొచ్చి, కాళ్ళతో నీళ్ళు దేవి, కళ్ళజోడు పట్టుకొచ్చాడు. అద్దాలు బాగానే ఉన్నాయి, ముక్కు దగ్గర విరిగింది.

"ఈత నేరిపిత్తన్నావా అమ్మా?" అన్నాడు నాతో.

"అవును తాతా."

"సముద్రంలోనా! మా పిల్లగుంటలకే ముందు ఉప్పుకాలవలో నేరిపి, ఆనక ఇక్కడికి తెత్తాం. నీకెవురు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

జట్కాలో ఆయన విరిగిన కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బందరులో హోటల్లో బెల్లంపాకం లడ్డు, పెసరట్టు తెప్పించాను. లడ్డు అలాగే ఉండిపోయింది.

"తప్పు నాదండీ" అన్నాను.

"నీది కాదు" అన్నారు. "నీళ్ళు కదిలితే కదిలాయి. నేల కూడా కదిలింది సరోజా. ఇంక దేని మీద నిలబడను?" అన్నారు.

ఆ రోజు ఆయన సెలవు అర్జీ గురించి మళ్ళీ మాట్లాడితే నేను కాదనేదాన్ని కాదు. ఆయన మాట్లాడలేదు.

చిలకలపూడి

కళ్ళజోడు లేకుండా ఆయనకి పది అడుగుల అవతల ఆవో గేదో తెలియదు. కొత్త ఫ్రేము కావాలంటే వారం పడుతుందని బందరు కొట్లో అన్నారు. హోటలు సర్వరు చిలకలపూడి పొమ్మన్నాడు. అక్కడ ఇంటింటా రోల్డుగోల్డు గాజులు, గొలుసులు చేస్తారు, ఇత్తడిని వెంట్రుకంత సన్నంగా అతికే చేతులు వాళ్ళవి.

ఒక వసారాలో తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని పని చేస్తున్నారు. కూతురు గొట్టంతో దీపం మంటని ఊదుతుంటే తండ్రి అతుకు పెట్టాడు. పావుగంట పట్టింది. అతికాక, అడగకుండానే ఫ్రేముకంతా బంగారు పూత వేసేశాడు.

"ఇదెందుకయ్యా?" అన్నారు మా ఆయన.

"అతుకు కనపడకూడదని అండి" అన్నాడు. "పన్నెండణాలు ఇప్పించండి. కొత్త పైసల్లో ఎంతో మీరే చూసుకోండి, మాకింకా అలవాటు కాలేదు."

ఆ బంగారు కళ్ళజోడుతో ఆయన ఏ జిల్లా కలెక్టరో అన్నట్టున్నారు. జట్కా స్టాండులో ఇద్దరు లేచి నిలబడి దణ్ణం పెట్టారు. ముందురోజు నుంచి నవ్వని మనిషి అప్పుడు నవ్వారు. "నాగాయలంక పోదాం పద. అవనిగడ్డలో చేరితే ఎలాగూ నేను తిరగవలసిన ఊరే. చూసి చెబుతాను" అన్నారు.

ఉల్లిపాలెం రేవు

దివిసీమలోకి పడవ మీద దాటాం. ఆయన బియ్యం బస్తాల మధ్య కూర్చుని కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి జరిగి విన్నాను. దేవుడి పేర్లు కావు, మందుల పేర్లు.

నడి ఏట్లో ఉండగా ఒక దూడ తాడు తెంపుకుంది. దాన్ని తోలుకెళుతున్న అవ్వ "అయ్యో అయ్యో" అంటోంది. పడవ అటూ ఇటూ ఊగింది. అందరూ కేకలు పెట్టారు. మా ఆయన కళ్ళు తెరిచి, లేచి, రెండంగల్లో వెళ్ళి దూడ మెడ కింద చెయ్యి వేసి, చెవి పట్టుకుని కూలేశారు. తర్వాత రేవు వచ్చేదాకా దాని పక్కనే చతికిలబడి డొక్క నిమురుతూ ఉన్నారు. అవ్వ ఆయనకి కాల్చిన తేగ విరిచి పెట్టింది. ఏటి మధ్యలో తేగ నములుతున్నానన్న సంగతి ఆయనకి అవతలి గట్టెక్కాక తట్టింది.

నాగాయలంక

అక్కడ మేము దిగింది పిచ్చమ్మగారి పూటకూళ్ళ ఇంట్లో. పూటకి అర్ధరూపాయి. బొమ్మిడాయిల పులుసు, ముద్దపప్పు, గడ్డపెరుగు. మనిషి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. నేను ఆవిడని మొదటి పూటే అత్తయ్యగారనేశాను. వచ్చిన పని చెప్పాను.

"దీనికి ఇన్ని ఊళ్ళు తిరిగావా పిల్లా!" అంది. "పద, చూపిస్తాను."

రేవుకి కాస్త ఎగువన, ఎప్పుడో మునిగిపోయిన పెద్ద పడవ ఒకటి గట్టు పక్కన అడ్డంగా కూరుకుపోయి ఉంది. దానికీ గట్టుకీ మధ్య చిన్న మడుగులాంటి చోటు. అడుగున గట్టి ఇసక. నేను వెళ్ళేసరికి నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయి.

"ఇంతేనా అత్తయ్యగారూ?"

"ఇంకో గంటలో మోకాలి దాకా. ఆ తర్వాత గంటకి నడుం దాకా. ఇది పోటు నీరమ్మా. సముద్రం ఎగదోస్తే వస్తుంది, పాటుకి వెళ్ళిపోతుంది. పడవ అడ్డముంది కాబట్టి లాగదు. మా పిల్లలందరూ ఇక్కడే నేర్చారు. పొద్దున ఆడవాళ్ళం వస్తాం. మధ్యాహ్నం కాకి కూడా రాదు."

నేను ఇన్ని రోజులుగా వెతుకుతున్నది అదే. ఏ కాలవలోనైనా మనిషి లోతు దగ్గరికి నడిచి వెళ్ళాలి. ఆ నడక దగ్గరే మా ఆయన ఆగిపోతున్నారు. ఇక్కడ ఆయన కదలనక్కర్లేదు, కూర్చుంటే చాలు. లోతు తనే మెల్లగా వస్తుంది.

మధ్యాహ్నం ఆయన్ని ఇసకలో కూర్చోబెట్టి నేనూ పక్కన కూర్చున్నాను. గుడివాడ సంగతులు, తిరువూరు సంగతులు మాట్లాడుకున్నాం. నీళ్ళు ఒళ్ళోకి వచ్చాయి. బొడ్డు దాటాయి. ఛాతీ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన మాట ఆపి నా ముఖం చూశారు. "లేవాలనిపిస్తే లేవండి, మోకాళ్ళ దాకానే ఉంటాయి" అన్నాను. లేచి చూసుకున్నారు. మళ్ళీ కూర్చున్నారు. ఆ పూట అలా పదిసార్లు లేచి ఉంటారు.

రెండో రోజు బెండ్లతో వెల్లకిలా తేలారు. పొద్దు వాలేలోపే బెండ్లు తీసేశాను. నా అరచెయ్యి వీపు కింద ఉందనుకుని తేలుతున్న మనిషికి, చెయ్యి తీసి చాలాసేపయిందని చెప్పాను. మునిగి, నీళ్ళు తాగి, లేచి నన్ను తిట్టారు. తిట్టి మళ్ళీ తేలారు. మూడో రోజుకి కాళ్ళు కొట్టుకుంటూ పడవ కొస దాకా, అంటే ఆరేడు బారలు, వెళ్ళగలిగారు. అది ఈత కాదు, నీళ్ళతో పెనుగులాట. అయినా వెళ్ళారు.

ఎదురుమొండి

మర్నాడు ఉదయం భోజనానికి ముందు ఒక రైతు పరుగున వచ్చాడు. పేరు నాంచారయ్య. ఎదురుమొండి ఏటికి అవతల ఉన్న లంక, అక్కడి మనిషి.

"డాక్టరు బాబు వచ్చారంట గదండీ! మా గేదె ఈనలేకపోతోందండి. తెల్లారగట్ల నుంచీ కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి, తల రావట్లేదండి. ఉన్నది అదొక్కటేనండి బాబూ."

మా ఆయన ఇంకా ఉద్యోగంలో చేరలేదు. చేరడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ మాట చెప్పవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. చెప్పలేదు. సంచీ తీసుకుని రేవుకి వచ్చారు. రేవులో పడవ చూసి ఆగిపోయారు. నలుగురు పట్టే సన్న పడవ, అంచు నీటికి జానెడెత్తున ఉంది. ఏరు వెడల్పుగా, ఎండలో మెరుస్తూ ఉంది.

"పెద్ద పడవ రాదా?" అన్నారు.

"మధ్యాహ్నం వస్తదండి" అన్నాడు నాంచారయ్య.

అలా నిలబడ్డారు. నాంచారయ్య చేతులు నలుపుకుంటున్నాడు గానీ తొందరపెట్టలేదు. ఎంతసేపయిందో నేను చూడలేదు. చివరికి నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, "పదండి, నేనూ వస్తాను" అన్నాను.

"వద్దు" అన్నారు. "నువ్వుంటే నేను నిన్ను పట్టుకుని కూర్చుంటాను. గేదె సంగతి ఆలోచించలేను."

ఎక్కారు. పడవ వెళ్ళింది.

నేను గట్టు మీద కూర్చున్నాను. నీళ్ళలో పుట్టి పెరిగినదాన్ని, నీళ్ళంటే భయం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. పడవ చుక్కంతయి కనిపించకుండా పోయాక తెలిసింది. అరచేతులు చల్లబడ్డాయి. ఆరేడు బారలు ఈదే మనిషిని ఆ ఏట్లోకి పంపాను. పిచ్చమ్మగారు అన్నం తినమని కబురు పెట్టింది, వెళ్ళలేదు. తనే వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. ఆ గొంతు ఊరుకోగలదని కూడా నాకు ఆ రోజే తెలిసింది.

పొద్దు వాలుతుండగా వచ్చారు. నడుం దాకా తడి, ఒళ్ళంతా బురద. దిగుతూనే చెప్పారు.

"వెళ్ళేటప్పుడు పాటుకి ఇసక తిన్నె మీద పడవ కూర్చుంది. అందరం దిగి తోశాం. నేనూ దిగాను. సంచీ నెత్తిన పెట్టుకున్నాను."

"గేదె?"

"గేదె దక్కింది. దూడ తల వెనక్కి తిరిగి ఉంది. సరిచేసి తీసేసరికి ప్రాణం లేదు."

నాంచారయ్య ఆయన వెనకే నిలబడి, "గేదె బతికింది, అదే పదివేలు బాబూ" అన్నాడు. అతను వెళ్ళాక మా ఆయన గట్టు మీద కూర్చున్నారు.

"ఇంకాస్త ముందు వెళ్ళి ఉంటే దూడ కూడా బతికేది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. పొద్దున రేవులో నేనెంతసేపు నిలబడ్డాను సరోజా?"

"ఎంతోసేపు లేదండీ."

"నిజం చెప్పు."

"అరగంట ఉంటుంది" అన్నాను.

ఆయన తల ఊపారు. ఓదార్పు మాటలు నాలుకదాకా వచ్చాయి గానీ అనలేదు. ఆయన అడిగింది ఓదార్పు కాదు.

మర్నాడు నేను నిద్రలేచేసరికి ఆయన మంచం మీద లేరు. రేవుకి పరిగెత్తాను. పాత పడవ దగ్గర, ఆడవాళ్ళు రాకముందే, ఒక్కరే గొంతు లోతు నీళ్ళలో ఉన్నారు. కళ్ళజోడు గట్టు మీద చొక్కా మడతలో పెట్టారు. నన్ను పోల్చుకోవడానికి కళ్ళు చిట్లించి చూశారు.

"వచ్చావా? పడవ అవతలికి వెళ్ళు. కాలు ఆనని చోటికి. నేను నీ దగ్గరికి రావాలి."

"ఇంకో రెండు రోజులు ఆగి..."

"వెళ్ళు సరోజా."

వెళ్ళాను. ఆయన బయల్దేరారు. తల ఒక పక్కకీ, చేతులొక పక్కకీ, కాళ్ళ చప్పుడుకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి. రెండుసార్లు మునిగారు. రెండుసార్లూ పైకి వచ్చింది నా వైపుకే. నన్ను దాటి, మునిగిన పడవ చుట్టూ తిరిగి, మళ్ళీ ఇసక తగిలాక నిలబడి దగ్గుతూ చాలాసేపు ఉన్నారు.

అవనిగడ్డలో గడువుకి ఒక రోజు ముందే చేరారు. వచ్చిన శనివారం ఆ గేదెకి ఈనేటప్పుడైన పుండు మానిందో లేదో చూడాలని ఎదురుమొండి వెళ్ళారు. అదే సన్న పడవ. నేను రేవుకి వెళ్ళలేదు. ఇంట్లో తిరగలి ముందు కూర్చుని సున్నుండలకి మినుములు విసురుకున్నాను.